గేటు కింద పులస

సీసా మూత నేనే తీశాను. ఇంకెవరి చెయ్యీ దానిమీద పడకూడదని ముందే చెప్పేశాను. నా వయసులో మంచి భాగమంతా ఆ సీసాలోనే కరిగిపోయింది కాబట్టి ఆ మాత్రం పెత్తనం నాకుంది.

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఇసుకలో కొత్తగా కట్టిన సిమెంటు ట్యాంకుల గట్టుమీద నిలబడి ఉన్నాం. ట్యాంకుల్లోంచి నేరుగా సముద్రంలోకి ఒక కాలువ తవ్వారు. పంపులు ఆ కాలువలోకి నీళ్లు తోస్తున్నాయి. ఆ నీళ్లలోకి నేను సీసా వంచాను. రంగు లేని మందు చుక్కలు చుక్కలుగా పడింది. నా పక్కన మా హేచరీ డైరెక్టరు విశ్వంభర గారు ఎండటోపీ సర్దుకుంటూ సోనార్ తెరవైపు చూస్తున్నారు. సముద్రంలో గుంపుగా ఆగి ఉన్న చేపలు ఆ తెరమీద బూడిదరంగు మరకలా కనిపిస్తున్నాయి.

అవి నా చేపలు. మా హేచరీలో గుడ్డు నుంచి పెంచి సముద్రంలో వదిలిన చేపలు. సముద్రంలో ఉన్నంతకాలం ఈ చేపను విలస అంటారు, గోదావరి ఎక్కాకే పులస అనిపించుకుంటుంది. పిల్లప్పుడు ఏ నీటి వాసన పీల్చిందో, గుడ్లు పెట్టే ఈడు రాగానే ఆ వాసన వెతుక్కుంటూ వస్తుంది. అందుకని ఏ నదిలోనూ లేని ఒక వాసనను నేను తయారుచేసి, పిల్లలు పెరిగే నీళ్లలో రోజూ కలిపాను. దానికి ‘పిలుపు’ అని పేరు పెట్టుకున్నాను. వరద ఆలస్యమైన ఏడు ఆ మందు గోదావరిలో వేస్తే, ఎర్రనీటి కోసం ఆగకుండా చేప పైకి వస్తుందని నా ఆశ. నది కోసం చేసిన మందు అది. నదిలో వేస్తే నదికి వచ్చే చేప, ట్యాంకులో వేస్తే ట్యాంకుకు రాదా అని అడిగే మనిషి ఒకరు ఉంటారని నాకు తట్టలేదు. ఆ మనిషే నా పక్కన టోపీ సర్దుకుంటున్నారు.

“వస్తున్నాయి,” అన్నారాయన.

తెరమీద మరక కదిలింది. సాగింది. కాలువ నోటిదాకా వచ్చింది. పంపుల దగ్గరున్న కుర్రాళ్లు అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు. మరక కాలువ నోటి దగ్గర ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. ఇంటి తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోయి గుమ్మం ముందు వెతుక్కునే మనిషిలా అక్కడక్కడే తచ్చాడింది. తర్వాత మెల్లగా వెనక్కి మళ్లి సముద్రంలోకి వెళ్లిపోయింది.

“డోసు పెంచండి.”

“డోసు సరిపోయింది సార్. దగ్గరకొచ్చి చూసి పోయాయి. ఈ వాసన ఒక్కటీ వాటికి చాలడం లేదు.”

“ఇంకేం కావాలి వాటికి?”

“నది కావాలేమో.”

ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే మనిషైతే నాకు సుఖంగా ఉండేది. “నది ఎక్కడుందమ్మా?” అన్నారు నిదానంగా, పడమటికి చెయ్యి చూపించి. నిజమే. అటు చూస్తే కనుచూపుమేర ఇసుకే ఉంది.

మూడేళ్లుగా ఎర్రనీరు దిగలేదు. బ్యారేజీ పైన నిలిచిన కొద్దిపాటి నీళ్లు పట్టణాలకీ పొలాలకీ కొట్టుకు చావడానికే చాలడం లేదు. బ్యారేజీ కింద మా లంకలున్నాయి. నది మధ్యలో ఉన్న ఊళ్లు. నది పారకపోతే సముద్రం ఇసుక అడుగునుంచి ఎక్కి నూతుల్లోకి వచ్చేస్తుంది. అప్పట్లో లంకలవాళ్లు కోర్టుకెక్కి ఒక తీర్పు సంపాదించారు. ఆషాఢ శ్రావణాల్లో బ్యారేజీ గేట్ల కింద పులస కనబడితే, అది గుడ్లుపెట్టి, పిల్లలు సముద్రం చేరేదాకా దిగువకు నీళ్లు వదిలి తీరాలి. మనుషుల దాహం చూపించి అడిగితే ఇవ్వని నీళ్లు, చేప పేరు చెబితే ఇచ్చారు. కానీ ఎర్రనీరు లేక చేప రాలేదు, చేప రాక గేటు లేవలేదు. ఇప్పుడు చేప ట్యాంకుకే వచ్చేస్తే, ఇక నదిలోకి రావాల్సిన పనే లేదని, ఆ తీర్పు చెల్లదని రాసి కింద నన్ను సంతకం పెట్టమంటున్నారు.

“పైన పట్టణాల్లో బిందె నీళ్లకు తలలు పగలగొట్టుకుంటున్నారు సత్యవేణీ,” అన్నారాయన. “చేపను బతికించుకుందాం, నీళ్లూ మిగుల్చుకుందాం. మీ మందు రెండు పనులూ చేస్తుంది. దానికి మీరు గర్వపడాలి.”

“కింద లంకల్లో ఉన్నవాళ్లు కూడా నీళ్లు నోటితోనే తాగుతారు సార్.”

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. “అమావాస్య పోటు దాకా చూస్తాను. అప్పటికీ ట్యాంకుల్లోకి రాకపోతే బోట్లు పంపి వలలు వేయిస్తాను. గుడ్లు పిండి ట్యాంకుల్లో పొదిగిద్దాం. తల్లులు పోతాయి, ఏం చేస్తాం.”

పులసను ముట్టుకుంటే పొలుసు రాలిపోతుంది. నీళ్లలోంచి ఎత్తితే ఎగరకుండానే ప్రాణం పోతుంది. అది ఆయనకూ తెలుసు. ఉన్న గుంపంతా అదే. అది వలలో పడితే, గోదావరి ఎక్కే పులస ఇక మిగలదు. నేను ఖాళీ సీసానూ, ఇంకా మిగిలిన నిండు సీసాలనూ సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మా ఊరి దారి పట్టాను.

చిన్నప్పుడు గోరింకలంక వెళ్లాలంటే పడవ కోసం రేవులో కేకలు పెట్టేవాళ్లం. ఇప్పుడు చెప్పులు చేత పట్టుకుని ఏటి ఇసుకలో నడిచి వెళ్లాను. ఇసుక కాలుతోంది. మధ్యలో ఒక్కచోట మాత్రం సన్నటి పాయ, మోకాలు తడిసేంత నీళ్లున్నాయి. గోదావరిని నాలుగంగల్లో దాటానంటే నాకే సిగ్గేసింది.

మా అమ్మ పల్లాలమ్మ నూతి గట్టుమీద కూర్చుని బియ్యం కడుగుతోంది. నన్ను చూసి, “ఏటే సత్తీ, మొకం అలాగుంది?” అంది. మంచినీళ్లు అడిగితే ట్యాంకరు నీళ్లు గ్లాసులో సగమే పోసింది. నూతి నీళ్లు చేది నోట్లో పోసుకుని చూశాను. నాలిక మండింది. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. మా ఆవు తొట్టి దగ్గరికి వచ్చి మూతి పెట్టి, తిప్పేసుకుని వెళ్లిపోతుంది. అమ్మకు కాళ్లవాపులు వచ్చాయి. ఉప్పు మానెయ్యమని డాక్టరు చెప్పాడట. “కూరలో మానేత్తాను, నూతిలో ఎలా మానేది?” అని డాక్టరునే అడిగొచ్చింది.

మా తమ్ముడు కొండబాబు అరుగుమీద బోర్లించిన పడవకు నల్లటి తారు కీలు పూస్తున్నాడు. పడవ నీళ్లలో దిగి మూడేళ్లయినా, ఏడాదికోసారి దానికి కీలు పూయడం మానడు.

“ఏటక్కా, సేపని పిలిచావంట గదా. వచ్చిందా?”

“రాలేదు.”

“అమ్మయ్య.”

నా ఒళ్లు మండింది. “అంటే నా పని చెడితే నీకు పండగా?”

వాడు కుంచె పక్కన పెట్టాడు. “నువ్వు కష్టపడ్డావక్కా, కాదన్ను. కానీ నువ్వు కనిపెట్టింది సేపకి దారి కాదు. గోదారిని ఎత్తుకుపోడానికి దారి. సేప ఉంది కాబట్టే మన మొకాన నీళ్లు కొట్టేవోరు. సేపని కూడా ఆళ్ల ఇంటికి పంపించేత్తే ఇంక మనమెవరం ఆళ్లకి?”

  తమ్ముడు చెప్పింది తప్పైతే గట్టిగా పోట్లాడేదాన్ని. ఒప్పైంది కాబట్టి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపంతో పెరట్లోకి వెళ్లాను.

అక్కడ రాయి పొయ్యిమీద రాగి గుండిగ మరుగుతోంది. తుమ్మచెక్క కషాయం. ముదురు ఎరుపుగా, వగరు వాసన కొడుతూ. పక్కన పాత నూలు వల ఒకటి మడతపెట్టి ఉంది. ఇప్పుడందరి వలలూ నైలానువే, నీళ్లలో కుళ్లకుండా వాటికి చెక్క పట్టించే పనే లేదు. కానీ ఆషాఢం రాగానే మా ఊళ్లో ఇంటికొక నూలు వలను చెక్కలో ముంచి, తొలి ఎర్రనీటిలో గంగమ్మ తల్లి పేర ఒకసారి దించి తీసేస్తారు. ఆ తర్వాతే మిగతా వలలు నీళ్లు ముడతాయి.

“ఏరు లేదుగదమ్మా, ఇదెందుకు ఇప్పుడు?” అన్నాను.

“ఏరు లేపోతే తల్లి లేకుండా పోద్దా?” అంది అమ్మ. వల తీసి గుండిగలో ముంచింది. వగరు ఆవిరి నా ముఖానికి కొట్టింది.

ఆ వాసన నాకు ల్యాబులో వచ్చేది. అక్కడెప్పుడూ అది వాసనని తోచలేదు. ఇంట్లో వాసన కదా, ముక్కు పట్టించుకోదు.

“అమ్మా, హాపాలు,” అన్నాను. “నువ్వు కుట్టిచ్చిన హాపాలకి చెక్క పట్టించావా?”

హాపా అంటే చేపపిల్లల్ని ఉంచడానికి నీళ్లలో కట్టే గుడ్డ తొట్టి. నైలాను హాపాలు తగిలి పులస పిల్లల పొలుసు రాలిపోతోందని, మెత్తటి నూలుగుడ్డతో కుట్టమని అప్పట్లో అమ్మకే ఇచ్చాను.

“పట్టించకుండా ఎలాగిత్తానే?” అంది అమ్మ, నేనేదో బుద్ధిలేని మాట అన్నట్టు చూసి. “పచ్చిగుడ్డ నీళ్లలో దించుతారా ఎవరైనా?”

ఎవరూ దించరు, మా ఇళ్లలో. చెక్క పట్టని గుడ్డ నీళ్లలో వేస్తే గంగమ్మకు అపచారం. ల్యాబులో నీటి వేడి రాశాం, ఉప్పు రాశాం, మేత రాశాం. గుడ్డ రంగు ఎవరూ రాయలేదు. వేరే ఊరి మనిషైతే ఈ ఎరుపేమిటని అడిగేవాడేమో. నేను ఈ పెరట్లో పుట్టినదాన్ని. నాకు ఎరుపెక్కని గుడ్డే వింత. నా చేపలు పుట్టిన దగ్గర్నుంచీ నా మందుతోపాటు మా అమ్మ చెక్కను కూడా పీల్చి పెరిగాయి. కాలువలో నేను సగం పిలుపే పిలిచాను. సగం పిలుపుకి వచ్చి, మిగతా సగం కోసం వెతుక్కుని వెళ్లిపోయాయి.

ఇది చెప్పేసరికి తమ్ముడు కూడా పెరట్లోకి వచ్చాడు. ముగ్గురం పొయ్యి చుట్టూ నిలబడ్డాం. “అయితే ఆ పెద్దాయనకి సెప్తావా?” అంది అమ్మ. చెబితే చేపలు బతుకుతాయి, ట్యాంకుల్లో. చెప్పకపోతే అమావాస్యకు వలలో చస్తాయి. రెండు దారుల్లోనూ మా నూతిలో ఉప్పు మాత్రం ఖాయం.

“చెప్పను,” అన్నాను. “మందూ చెక్కా కలిపి ఏట్లో పోద్దాం. గేటుదాకా పిలుద్దాం.”

కొండబాబు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. “ఏరెక్కడుందక్కా? పాయ మోకాల్లోతు లేదు. నడిమజ్జిలో ఎండకి సచ్చిపోతే?”

“చస్తాయి కొన్ని. వలలో పడితే ఒక్కటి మిగలదు.”

“గేటుదాకా వచ్చాక గేటు ఎత్తకపోతే?”

“అప్పుడన్నీ చస్తాయి,” అన్నాను. “తీర్పులో చేప కనబడితే అని ఉంది. కనబడేలా చేద్దాం. ఎత్తకుండా ఎలా ఉంటారో చూద్దాం.”

 వాడు పడవ దగ్గరికి వెళ్లి, దాని వీపుమీద చరిచి, “కీలు ఆరిందిలే, లేపుదాం పట్టు,” అన్నాడు.

అమావాస్య ముందురోజు పొద్దున్నే మొగ దగ్గరకు పడవను ట్రాక్టరు మీద తీసుకెళ్లాం. కషాయం తాగి ఎర్రబడ్డ నూలు వలను పడవ వెనక కట్టి నీళ్లలో వదిలాం. దాని పక్కనుంచి నా మందు చుక్కలు వేశాను. డైరెక్టరు గారి ట్యాంకులు ఎడమవైపు తెల్లగా మెరుస్తున్నాయి, మేం కుడివైపు పాయలోకి తిరిగాం. కొండబాబు తెడ్డు వేస్తున్నాడు, నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను. మొదట ఏమీ కనబడలేదు. నా దిగులు మరిపించడానికి వాడు ఏదో కూనిరాగం తీశాడు. కాసేపటికి వల వెనక నీళ్లు గరగరలాడాయి. వాన చినుకులేమో అని ఆకాశం చూశాను. చినుకులు కాదు. నీళ్ల కింద వెండిరంగు వీపులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి.

కొండబాబు తెడ్డు ఆపేశాడు. మూడేళ్లుగా పులస మొహం చూడని జాలరి. చెయ్యి చాపితే అందేంత దూరంలో అన్ని పులసలు. “అక్కా,” అన్నాడు, “నేను వెనక్కి సూడను. నువ్వే సూసుకో.” మళ్లీ తెడ్డు అందుకున్నాడు.

ఈలోపు అమ్మ ఊరుకోలేదు. మా లంక నుంచి పై లంకకూ, అక్కడినుంచి ఆ పై లంకకూ కబురు పంపింది. గంగమ్మ గుడి దగ్గర అందరూ ఒట్టు పెట్టుకున్నారట: ఇంట్లోంచి వల బయటికి రాకూడదు, చేత్తో చేపను ముట్టకూడదు. మేం పాయలో ఎదురెక్కి వస్తుంటే రెండు గట్లమీదా పొయ్యిలు పొగలు కక్కుతున్నాయి. ఏ లంకకు ఆ లంక తన గుండిగ తను మరిగించి, మేం దాటేవేళకు పాయలో కుమ్మరించింది. గోదావరి మూడేళ్ల తర్వాత ఎర్రగా కనిపించింది. వరద నీటి ఎరుపు కాదు, ఆడవాళ్లు కాచిన ఎరుపు.

పాయ తెగిపోయిన చోట్ల మనుషులు పారలతో ఇసుక తవ్వి దారి కలిపారు. పారలు లేనివాళ్లు పళ్లేలతో తవ్వారు. చేపలు వాళ్ల కాళ్ల సందుల్లోంచి పోతుంటే ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డారు. ఒక పులస దారి తప్పి ఇసుక మేటమీదకు ఎక్కేసింది. అంగుళం నీళ్లలో పక్కకు వాలి మొప్పలు ఆడిస్తోంది. మా కొండబాబు పడవ దిగి, దాని పక్కన నీళ్లలో బోర్లా పడుకుని, ముట్టుకోకుండా రెండు అరచేతులతో నీళ్లు తోస్తూ తోస్తూ దాన్ని పాయలో కలిపాడు. లేచి నిలబడితే ముఖమంతా ఇసుక. “సూడలేదులే అక్కా, కళ్లు మూసుకునే తోశాను,” అన్నాడు.

అన్నీ బతకలేదు. మధ్యాహ్నపు ఎండకు నీళ్లు కాగి, తెల్లటి పొట్టలు పైకి తేలాయి. పెంచిన చేతులతోనే వీటిని చావు దారికి ఎక్కించాను కదా అని గట్టుమీద కూలబడి ఏడ్చాను. గట్టు వెంట నడిచొస్తున్న అమ్మ పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. చచ్చిపోయిన పులసలను కొంగులో ఏరుకుంది. వాటిని ఎవరూ వండలేదు. మా వైపు ఈ మాట చెబితే నమ్మరు, కానీ ఒక్క పొయ్యిమీద కూడా కూర ఉడకలేదు. ఇసుకలో లోతుగా గొయ్యి తీసి, పసుపు చల్లి పాతిపెట్టారు.

“ఏడిసింది సాలు, లెగు,” అంది అమ్మ. “మిగతాయి ఆగి ఉన్నాయి.”

మర్నాడు బ్యారేజీ కిందికి మేం చేరేసరికి బాగా పొద్దెక్కింది. గేట్ల కింద రాతి పరుపు మీద చిన్న మడుగు మిగిలి ఉంది. గుంపు ఆ మడుగులోకి ఎక్కి ఆగిపోయింది. ముందుకు పోవడానికి గోడ అడ్డం, వెనక్కి పోవడానికి నీళ్లు చాలవు. గేటు సందుల్లోంచి కారుతున్న సన్నటి ధార కిందికి అన్నీ చేరి మూతులు పైకెత్తి నిలబడ్డాయి. గట్లమీద లంకల జనం నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు.

మాకంటే ముందే విశ్వంభర గారి జీపు అక్కడుంది. పొద్దున బోట్లు పంపితే మొగ దగ్గర ఒక్క చేప లేదట. ఆయన టోపీ చేతిలో పట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

“ఎంత పని చేశారు,” అన్నారు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఉంది. “సాయంత్రానికి ఈ మడుగులో గాలి అయిపోతుంది. మీరే పెంచారు, మీరే చంపుతున్నారు. ట్రక్కులో ట్యాంకులు తెచ్చాను. ఇప్పటికైనా ఎక్కించనివ్వండి, కొన్నైనా దక్కుతాయి.”

“ఎక్కించడానికి చెయ్యి వేస్తే ఒక్కటీ దక్కదు సార్. గేటు ఎత్తితే దక్కుతాయి.”

“ఆ నీళ్లు ఎవరివో తెలుసా? పైన ఆస్పత్రులున్నాయి, బళ్లున్నాయి.”

“తెలుసు. వాళ్లకూ కావాలి. ఉన్నదాంట్లో పంచుకోమనండి. మా వాటా అడుగుతున్నాం గానీ వాళ్ల వాటా కాదు. మమ్మల్ని లెక్కలోంచి తీసెయ్యడానికి నా మందునే వాడారే, అది మాత్రం ఒప్పుకోను.”

గేట్ల బాధ్యత చూసే ఇంజనీరు హసీనా గారు పైనుంచి మా మాటలు వింటున్నారు. చిన్న వయసు మనిషి. ఆవిడ మెట్లు దిగి మమ్మల్ని దాటుకుంటూ మడుగు దగ్గరకు వెళ్లి, వంగి చూశారు. కాసేపు అలాగే వంగి ఉన్నారు.

“ఇవి పులసలేనాండీ?” అని మా అమ్మను అడిగారు.

“ఆయ్, పులసలేనమ్మా. మా ఇంటి సేపలు,” అంది అమ్మ.

“హసీనా గారూ,” అన్నారు విశ్వంభర గారు, “ఇవి వాటంతట అవి రాలేదు. మందు వేసి పిలిపించారు. దీన్ని రావడం అనరు. మీరు గేటు ఎత్తితే పైవాళ్లకు మీరే జవాబు చెప్పుకోవాలి.”

ఆవిడ ముఖం పాలిపోయింది. పెద్ద అధికారితో అలా మాట అనిపించుకోవడం అలవాటు లేని మనిషని తెలుస్తూనే ఉంది. కొంగుతో చేతులు తుడుచుకున్నారు, చేతులు తడిలేకపోయినా. “సార్, కోర్టువారి ఉత్తర్వు మా గేటు గదిలో గోడమీద రాసి ఉందండీ,” అన్నారు మెల్లగా. “చేప కనబడితే గేటు ఎత్తాలి అని ఉంది. ఎవరు పిలిస్తే వచ్చిందో చూడమని లేదండీ. నాకు కనబడింది.”

మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయారు. కాసేపు ఏమీ జరగలేదు. ఫోన్లు మోగడం వినిపించింది. నేను మడుగు అంచున కూర్చుని చేపల మొప్పలే చూస్తున్నాను. ఆవిడ మనసు మార్చుకుంటే వీటి చావు చూడటం నా వంతు. అప్పుడు పైన మోటారు మూలిగింది. మూడేళ్లు కదలని ఇనుము కీచుమంటూ లేచింది, మహా అయితే మూరెడు. ఆ సందులోంచి నీళ్లు తెల్లగా దూకి రాతి పరుపుమీద పడి మమ్మల్నందర్నీ తడిపేశాయి. మడుగు నిండి, పొంగి, పాయలోకి మళ్లింది. చేపలు ఆ ధారకు ఎదురు తిరిగి తోకలు కొట్టాయి.

జనం అప్పుడు కేకలు వేశారు. కొండబాబు ఒట్టు తీరిపోయినట్టు కళ్లు తెరిచి మడుగువైపు తనివితీరా చూశాడు. నేను కడుపారా ఆ నీళ్లు తాగాను.

విశ్వంభర గారు కూడా తడిసి ముద్దయ్యారు. వెళ్లిపోతారనుకున్నాను, వెళ్లలేదు. ఆయనా ఒకప్పుడు చేపల మీద పనిచేసిన మనిషే. నీళ్లవైపు చూస్తూ చూస్తూ ఆయనకు అసలు సంగతి తట్టింది.

“ఇవి ఇక్కడే గుడ్లు పెడతాయి,” అన్నారు.

“పెడతాయి.”

“ఆ పిల్లలకు మీ మందు తెలియదు. ఈ పాయలో పోసిన ఎర్ర కషాయమేదో, అదీ తెలియదు. ఉత్త ఏటి వాసనే తెలుస్తుంది. ఇంకో తరం తర్వాత మీ ‘పిలుపు’కి పలికే చేప ఒక్కటి ఉండదు.” నావైపు తిరిగారు. “ఇన్నేళ్ల పని సత్యవేణీ. మీ చేతులతో మీరే చంపేసుకున్నారు.”

“అవును సార్,” అన్నాను. “అందుకే ఇక్కడిదాకా తీసుకొచ్చాను.”

నా ఉద్యోగం ఆ వారమే పోయింది. హసీనా గారిని ఎక్కడికో బదిలీ చేశారు, కానీ ఎత్తిన గేటును దించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కిందున్న చేపలు అందరికీ కనబడుతున్నాయి మరి. శ్రావణం చివర్లో పాయ అంచుల్లో పిల్లలు కనిపించాయి, వెంట్రుకంత సన్నగా, కళ్లు మాత్రం నల్లగా. నేను ఊరి పిల్లలతోపాటు కూర్చుని వాటిని చూశాను. నా జీవితంలో ఏ మందూ వేయకుండా చూసిన మొదటి పులస పిల్లలు అవే. ఈ పిల్లలను ఎవరూ ఎక్కడికీ పిలుచుకుపోలేరు. వీటిని రప్పించాలంటే గోదావరినే తేవాలి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. దిగులుగా కూడా ఉంటుంది, కాదనను.

సంచిలో ఇంకొక సీసా నిండా ‘పిలుపు’ మిగిలి ఉంది. దాన్ని పెరట్లో తుమ్మచెట్టు మొదట్లో పారబోశాను. సీసాను ఇసుకతో తోమి, వేణ్ణీళ్లతో కడిగి, ఎండబెట్టాను. మా అమ్మ నూతిలోంచి చేదతో నీళ్లు తోడి ఇచ్చింది. ఆ నీళ్లు సీసా నిండా పోసి, మూత గట్టిగా బిగించి, విశ్వంభర గారి పేర పంపించాను. దానిమీద ఏమీ రాయలేదు. తాగి చూస్తే ఆయనకే తెలుస్తుంది, అందులో ఉప్పు లేదు.